బరువు తగ్గిన తర్వాతి సంగతులు కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ మీద వచ్చిన కథనం చదివాను. ఎడమవైపు లావుగా ఉన్న అమ్మాయి ఫొటో, కుడివైపు అదే అమ్మాయి సన్నబడ్డాక తీసిన ఫొటో, కింద తగ్గిన కిలోల లెక్క. కథనం అక్కడితో అయిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఏం తింటోంది, ఏ మందులు వేసుకుంటోంది, ఎన్నాళ్లకోసారి రక్తపరీక్షలు చేయించుకోవాలి అనే విషయాల మీద ఒక్క ముక్క లేదు. నేను అలాంటి ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. పైగా వండి అమ్ముకుని బతికేదాన్ని. అందుకే రాస్తున్నాను, ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవమని మనవి.

రాజమండ్రిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పొద్దున ఇడ్లీ, పెసరట్టు. పదకొండు నుంచి పప్పు, వేపుళ్లు, పులుసు, సాంబారు ప్యాకెట్లు. ఇరవై ఏళ్లకు పైగా పొయ్యి ముందే ఉన్నాను. ఈ పనిలో ఉన్న ఆడవాళ్లెవరూ వేళకి కూర్చుని తినరండి. ఉప్పు చూడ్డానికి ఒకసారి, కారం చూడ్డానికి ఇంకోసారి, మిగిలిపోయిన ఇడ్లీలు పారేయడానికి మనసొప్పక నోట్లోకి, రద్దీ తగ్గాక మూడింటికో మూడున్నరకో కంచం నిండా అన్నం. 2021 నాటికి నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చూపే బీఎంఐ 49 అని లెక్క కట్టారు. షుగర్‌కి రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 9.8 దగ్గరే ఉండేది. నిద్రలో ఊపిరాగిపోయి ఉలిక్కిపడి లేచేదాన్ని. పరీక్ష చేసి స్లీప్ ఆప్నియా అన్నారు, రాత్రంతా ముక్కుకి తగిలించుకునే సీప్యాప్ మిషన్ పెట్టుకోమన్నారు.

మామూలు పద్ధతుల్లో ఎందుకు తగ్గలేదని అడిగేవాళ్లుంటారు. 2018లో కొబ్బరినూనె, నిమ్మరసం డైట్ రెండు రాష్ట్రాలనూ ఊపేసినప్పుడు నేను కూడా అన్నం మానేశాను. బాగానే తగ్గాను. మళ్లీ అన్నం ముట్టుకున్న ఏడాదిలోపే తగ్గినదంతా తిరిగొచ్చి, దాని మీద ఇంకొంత చేరింది. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఆకలిని పెంచుతుందని, శక్తి ఖర్చు తగ్గించుకుని పాత బరువు వైపే లాగుతుందని సర్జన్ గారు చెప్పేదాకా నాకు తెలియదు. అంతవరకూ అందరూ నాకు పట్టుదల లేదనే అన్నారు.

ఆపరేషన్ అనగానే మా అత్తయ్య ఏడ్చేసింది. "జబ్బు లేని కడుపుని కోయించుకుంటావా అమ్మాయ్" అంది. మా ఆయన ఏమీ అనలేదు గానీ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. నన్ను ఒప్పించింది ఏ ఫొటో కాదు, మా అమ్మ కాలు. షుగర్‌తో పుండు మానక మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం బతకలేదు. నా కాలి మడమ దగ్గర పగులు ఒకటి నెల రోజులైనా మానకపోయేసరికి నాకు భయం పట్టుకుంది.

సర్జన్ గారు రెండు రకాలు బొమ్మ గీసి చూపించారు. స్లీవ్ అంటే కడుపులో ముప్పావు వంతుకు పైగా కత్తిరించి తీసేసి, మిగిలినదాన్ని గొట్టంలా ఉంచడం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా ఊరే భాగం దాంతోనే పోతుంది. బైపాస్ అంటే కడుపు పైభాగంలో చిన్న సంచి చేసి దాన్ని చిన్నపేగుకి కలపడం. ఎసిడిటీ బాగా ఉన్నవాళ్లకి స్లీవ్‌తో అది ఇంకా పెరగొచ్చన్నారు. నాకు ఛాతీలో మంట ఏళ్ల తరబడి ఉంది, షుగర్ కూడా పాతది, అందుకని బైపాస్ అనుకున్నాం. కుట్ల దగ్గర లీక్ అవడం, రక్తం గడ్డకట్టడం, రక్తస్రావం లాంటివి ఎవరో కొందరికి జరగొచ్చని, జీవితాంతం విటమిన్లు వాడక తప్పదని ఆయన దాచకుండా చెప్పారు. ఆ మాట మీదే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

బీమా సంగతి కూడా చెప్పాలి. మా పాలసీ కంపెనీ మొదట "ఇది అందం కోసం చేయించుకునేది, రాదు" అని తిప్పి పంపింది. హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన నిబంధనలు చూస్తే అలా లేదు. వయసు 18 నిండి, డాక్టరు సలహా మీద, బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఈ ఆపరేషన్‌ని స్థూలకాయం చికిత్స పేరుతో తోసిపుచ్చకూడదు. బీఎంఐ 35 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, మిగతా పద్ధతులు ఫలించక, అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండెజబ్బు లాంటివి ఉన్నా అంతే. పాలసీ వెయిటింగ్ పీరియడ్ ఎటూ ఉంటుంది, అది వేరే సంగతి. డాక్టరు గారి ఉత్తరం, నిద్ర పరీక్ష రిపోర్టు, షుగర్ రిపోర్టులు జతచేసి మా తమ్ముడు మళ్లీ పంపితే మంజూరు చేశారు. ఎంతమంది మొదటి తిరస్కారం చూసి బంగారం తాకట్టు పెట్టి ఉంటారో అనిపించింది. మీ కథనంలో ఈ ఒక్క పేరా ఉన్నా కొన్ని ఇళ్లు అప్పుల్లో పడకుండా ఉండేవి.

ఇక అసలు విషయం. డిశ్చార్జి రోజు చేతిలో పెట్టిన డైట్ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అంతా ఇంగ్లిష్. బ్రోకలీ సూప్, గ్రీక్ యోగర్ట్, కినోవా, టోఫు. నా పక్క బెడ్‌లో ఉన్నావిడ అమలాపురం వైపు నుంచి వచ్చింది. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "ఇవేవీ మా ఊళ్లో దొరకవండి. జావ తాగితే సరిపోద్దా?" అని నన్నడిగింది. పాపం, ఆవిడకి జవాబు చెప్పాల్సింది నేను కాదు.

జావ ఒక్కటే తాగితే సరిపోదండి. ఆపరేషన్ అయిన కొత్తలో ఒకసారికి పట్టేది రెండు మూడు చెంచాలే. తర్వాత కూడా చిన్న గిన్నెడు. ఆ కొంచెంలోనే, తినడం కుదుటపడ్డాక, రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ వెళ్లాలి. లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కొట్లో కూరలు తూచే కాటా ఉంది కాబట్టి నేను మన వంటలతోనే లెక్క వేసుకున్నాను. కోడిగుడ్డుకి 6 గ్రాములు. పావులీటరు పాలకి 8. ముప్పై గ్రాముల పెసరపప్పు ఉడకబెడితే 7. వంద గ్రాముల పనీర్‌కి 18 దాకా. వండిన చేప వంద గ్రాములకి 20 పైచిలుకు. ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో సగం ప్రొటీనే. మొదట్లో వడకట్టిన పప్పుకట్టు, పల్చటి మజ్జిగ, చికెన్ సూప్, పాలల్లో ప్రొటీన్ పొడి. కొన్నాళ్లకి మెత్తగా ఉడికి జారే పెసరపప్పు, మెదిపిన గుడ్డు, పెరుగు. ఆ తర్వాత ముల్లు తీసిన కొరమేను, కారం తగ్గించి. మామూలుగా ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ వేస్తాం కదా, నా ఇడ్లీకి ఒకటికి ఒకటి వేసుకుంటాను. ఇదేమీ పెద్ద విద్య కాదు. ప్రతి ఆసుపత్రిలో ఉన్న డైటీషియన్ ఒక పూట కూర్చుంటే గోదావరి జిల్లాలకొకటి, రాయలసీమకొకటి, తెలంగాణకొకటి, జొన్నరొట్టెతో సహా, ఇలాంటి పట్టికలు తయారుచేయగలరు.

తినే వరస కూడా మారిపోయింది. మన భోజనం పప్పన్నంతో మొదలై పెరుగన్నంతో అవుతుంది, మధ్యలో గ్లాసుడు నీళ్లు. నేను ముందు కూరముక్క, గుడ్డు, పప్పు తింటాను. అన్నం చివర్లో, అదీ చోటుంటే. నీళ్లు తిన్న అరగంటకి. ముద్ద నోట్లో పూర్తిగా మెత్తబడేదాకా నమలాలి. కౌంటర్ దగ్గర ఎవరో పిలిచారని గబుక్కున మింగితే అది గుండెల దగ్గర పట్టేసి, నోటినిండా లాలాజలం ఊరి, వెనక్కి వచ్చేదాకా ఊపిరాడదు. అందుకని నేను తినే అరగంట మా ఆయన కౌంటర్‌లో కూర్చుంటాడు. పెళ్లయ్యాక ఆయన కొట్టు ఒక్కడే చూసుకోవడం అదే మొదలు. 

ఉప్పు చూసే పని మా దగ్గర పనిచేసే పిన్నికి అప్పగించాను. గరిటె అంచు నుంచి ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుక్కి తగిలించుకుంటుంది, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగుతుంది, "చాలమ్మా" అనో "ఇంకో రవ్వంత" అనో అంటుంది. ఇరవై ఏళ్లు నా నాలుక మీద నడిచిన కొట్టు అది. మొదటిరోజు ఆవిడ అలా చెబుతుంటే నాకు లోపల ఎంత బాధేసిందో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి కొట్టు కడిగేశాక టీ, నాలుగు మిరపకాయ బజ్జీలతో కూర్చునేదాన్ని, రోజంతటికీ నాకంటూ ఉన్న పావుగంట అదే. అది పోయాక ఆ వేళకి ఊరికే ఏడుపొచ్చేది. ఇది మామూలేనని, చాలామందికి వస్తుందని, అవసరమైతే కౌన్సెలర్‌ని కలవాలని ఆపరేషన్‌కి ముందే ఒక మాట చెబితే మనిషి గట్టిగా నిలబడుతుంది. నాకు ఆ మాట చెప్పింది నాలాగే ఆపరేషన్ చేయించుకున్న కాకినాడ టీచరొకావిడ. ఆవిడతో ఇప్పటికీ వారానికోసారి ఫోన్లో మాట్లాడతాను.

తణుకులో మా ఆడపడుచు కొడుకు పెళ్లి. బంతిలో కూర్చున్నాను. మా వదిన స్వయంగా వచ్చి నెయ్యి ఓడుతున్న బొబ్బట్టు ఆకులో వేసి, "నా చేత్తో పెడుతున్నాను, ఒక్కటంటే ఒక్కటి, కాదనకు" అంది. పెళ్లికొడుకు తల్లి అంతమందిలో అలా అంటే ఎవరు కాదంటారు? పావుగంటలో గుండె దడదడ, ఒళ్లంతా చెమట, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టడం. అందరూ హార్ట్ ఎటాక్ అనుకుని కారు తెప్పించారు. దీన్ని డంపింగ్ అంటారు. తీపి పదార్థం చిన్న సంచిలో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి దిగిపోయి, ఒంట్లో నీటిని అటు లాగేస్తుంది. పడుకుంటే గంటలోపు సర్దుకుంటుంది. మా వదిన ఆ రోజు నా పాదాల దగ్గరే కూర్చుని ఎంత కుమిలిపోయిందో! ఇప్పుడు వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా నాకు ముందే రెండు గుడ్లు ఉడకబెట్టి పక్కన పెడుతుంది. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద, అది పోవాలని నేననను. కానీ "నాకు సరిపడదు" అని ఒకసారి అంటే అక్కడితో వదిలేయడం కూడా మర్యాదలోనే చేరాలి.

జుట్టు మూడో నెల నుంచి ఊడింది, ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చింది. చేతుల కింద చర్మం వేలాడుతుంది, అది తగ్గలేదు, తగ్గదు. ఎదురుపడినవాళ్లు "షుగర్ ముదిరిందా?" అని అడిగారు. ఆపరేషన్ అని తెలిశాక "కష్టపడకుండా తగ్గావు" అన్నారు. ఈ రెండో మాట నాకు ఎక్కువ నొప్పి.

ఏడాదిన్నరకి 76 కిలోలకు దిగాను. తర్వాత మూడు కిలోలు పెరిగి 79 దగ్గర నిలబడ్డాను. ఇన్సులిన్ ఆపేశారు, హెచ్‌బీఏ1సీ 6.1. మళ్లీ నిద్ర పరీక్ష చేసి సీప్యాప్ అక్కర్లేదన్నారు. షుగర్ కొందరికి ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చట, అందుకని పరీక్షలు మానను. మడమ పగులు మానింది. ఇవన్నీ చూస్తే ఆపరేషన్ చేయించుకున్నందుకు నాకు ఏ విచారమూ లేదు. అవసరమైనవాళ్లు భయపడి ఆగిపోకూడదనే నా కోరిక.

కానీ ఆ ఆసుపత్రి వాళ్లు మొదటి కొన్ని నెలలు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు, తర్వాత మానేశారు. నేను చేస్తే "డైటీషియన్ మారారు, కొత్తావిడ వచ్చాక చేయిస్తాం" అన్నారు. రెండో ఏడాది చివర్లో నాకు పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పులు ఎప్పుడు జారిపోయాయో కూడా తెలిసేది కాదు. షుగర్ తిమ్మిరే అనుకున్నారు అందరూ. మా వీధి చివర ఫిజీషియన్ గారు మాత్రం "మీకు బైపాస్ అయిందన్నారుగా, విటమిన్ బీ12 ఎప్పుడు చూశారు?" అని అడిగి పరీక్ష రాశారు. బాగా తక్కువుంది. ఇంజెక్షన్లు పడ్డాక కొన్ని నెలలకి పాదాలకి నేల తెలిసింది. ఆసుపత్రి రాసిచ్చిన బిళ్లలు నేను మానలేదు, కానీ నాకు ఆ మోతాదు చాల్లేదు. అది రక్తపరీక్షలోనే బయటపడుతుంది. బీ12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం మొదట్లో కొన్ని నెలలకోసారి, తర్వాత కనీసం ఏడాదికోసారి, జీవితాంతం చూసుకోవాలి. కాల్షియం, ఐరన్ బిళ్లలు కలిపి వేసుకోకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే విటమిన్ బీ1 పడిపోయి చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

నొప్పి బిళ్లల సంగతి అన్నిటికంటే ముఖ్యం. మోకాలు నొప్పి అనగానే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ చేతిలో పెడతారు. బైపాస్ అయినవాళ్లకి సంచిని పేగుకి కలిపిన అతుకు దగ్గర పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ మాత్రమే వేసుకోవాలని మాకు చెప్పారు. సిగరెట్ తాగినా అదే పుండు. మందు తాగే మగవాళ్లకి ఇంకోటి తెలియాలి. ఈ ఆపరేషన్ తర్వాత కొద్దిపాటి మద్యం కూడా చాలా త్వరగా, చాలా గట్టిగా ఎక్కుతుంది. నా ఆపరేషన్ వివరాలు, పడని మందుల పేర్లు రాసిన చీటీ నా పర్సులో ఎప్పుడూ ఉంటుంది.

ఈ మధ్య మా కొట్టుకి కూర కొనడానికి వచ్చి, పక్కకి పిలిచి నన్ను ఆడపిల్లల గురించి అడిగే తల్లులు ఎక్కువయ్యారు. "అమ్మాయికి సంబంధాలు కుదరట్లేదు, ఆపరేషన్ చేయించేస్తే?" అని. ఇరవై రెండేళ్ల పిల్ల, షుగర్ లేదు, బీపీ లేదు, కాస్త బొద్దుగా ఉందంతే. ఆ పిల్ల అక్కడే నిలబడి నేల చూపులు చూస్తుంటుంది. పెళ్లిచూపుల కోసం కడుపు కోయించొద్దని నేను ఖచ్చితంగా చెబుతాను. నిజంగా అవసరమున్న పిల్లయితే, ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదని, ఆ సంగతి అత్తింటివాళ్లకి ముందే చెప్పి ఒప్పించుకోవాలని చెబుతాను. దాచిపెట్టి పెళ్లి చేస్తే మూడో నెల నుంచే "విశేషం ఏమైనా ఉందా" అని మొదలవుతుంది, ఆ పిల్ల ఏం జవాబు చెబుతుంది? బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించీ అడుగుతున్నారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ బరువు కోసం 2025లో మన దేశంలోకి వచ్చాయి కదా. నేను డాక్టర్ని కాదు. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుందని మా ఫిజీషియన్ గారు చెప్పిన మాటే వాళ్లకి చెబుతాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కానీ అక్కరున్నవాళ్లు ఇకముందు పెరుగుతారు. ఉస్మానియా ఆసుపత్రి డాక్టర్లు 2023లో 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ చేశారని పత్రికల్లోనే చదివాం. మరి ప్రభుత్వాసుపత్రుల్లో కూడా మొదలైనప్పుడు, పేదింటి మనిషికి జీవితాంతం పట్టే విటమిన్ బిళ్లలు, ఏటా రక్తపరీక్షలు ఎవరిస్తారు? ఆపరేషన్‌తో పాటు అవి కూడా ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ఉండాలని అడగాల్సిన బాధ్యత మీ పత్రికకి ఉంది. ప్రైవేటు ఆసుపత్రులు ఇచ్చే ప్యాకేజీ రేటులో కనీసం ఐదేళ్ల ఫాలో-అప్ కలిసి ఉందో లేదో మీ విలేకరులు అడిగి రాయాలి. ఇంకోసారి ఇలాంటి కథనం వేసినప్పుడు ఆపరేషనై ఐదేళ్లు దాటిన మనిషిని కూడా కలవండి.

నేను మన వంటలతో రాసుకున్న పట్టికని మా ఫిజీషియన్ గారు చూసి కొన్ని దిద్దారు. అర్హత ఉన్న డైటీషియన్ చేత కూడా ఒకసారి సరిచూపించి మీరు ప్రచురిస్తానంటే, తప్పకుండా పంపిస్తాను. పులుసులో చేపముక్కల బరువుతో సహా అన్నీ తూచి రాసినవే.

ఇట్లు,
ఒక కర్రీ పాయింట్ నిర్వాహకురాలు,
రాజమహేంద్రవరం
(పేరు ప్రచురించవద్దని మనవి)